ఎడమ వైపు ప్రసంగ పీఠం

చర్చి కమిటీ ప్రెసిడెంటు గారు ఆ ఫోటోని మెత్తటి బట్టలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీదా మోసుకొచ్చారు. వడ్రంగి బల్ల మీద అప్పటికే ఓ తలుపు రెక్క పడుకుని ఉంది.

"దీన్ని తియ్యి," అన్నారు. వడ్రంగి తీశాడు.

"బల్ల తుడువు." తుడిచాడు.

"చేతులు కడుక్కున్నావా?"

వడ్రంగి వెళ్లి చేతులు కూడా కడుక్కొచ్చాడు. అప్పుడు గానీ ఆయన బట్ట విప్పలేదు.

"నూట ఇరవై ఏళ్ల నాటిది. మిషను బంగళా అటక మీద పాత రిజిస్టర్ల కింద దొరికింది. మన చర్చి లోపలి భాగం. ఊపిరి దాని మీద పడనియ్యకు."

వడ్రంగి ఊపిరి బిగబట్టి, కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని వంగాడు. ఫోటో పాలు తక్కువైన టీ రంగులోకి తిరిగింది. పొడుగాటి హాలు, రెండు వరసల రాతి స్తంభాలు, గొలుసులకు వేలాడే దీపాలు, ఖాళీ బల్లలు, ఆ చివర బలిపీఠం. బలిపీఠానికి ఎడమ పక్కన ఒక స్తంభాన్ని లతలా చుట్టుకుంటూ పైకి పోయే చెక్క మెట్లు. ఆ మెట్ల కొసన, విచ్చుకోబోయే మొగ్గలా ప్రసంగ పీఠం. దాని నెత్తిన గొడుగులాంటి చెక్క కప్పు. ముప్పై నాలుగేళ్లుగా తలుపులు, కిటికీలు, వంటింటి అరలు చేసి చేసి విసుగెత్తిన వడ్రంగికి ప్రాణం లేచొచ్చింది.

"ఎవడు చేశాడో గానీ మహానుభావుడు," అన్నాడు, బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలేస్తూ.

ప్రెసిడెంటు గారు గబుక్కున ఫోటోని వెనక్కి లాక్కున్నారు. "అది మళ్లీ నువ్వు చెయ్యాలి. నాలుగు నెలల్లో. నూటయాభై ఏళ్ల పండగకి బిషప్పు గారొస్తున్నారు. ఫోటోలో ఎలా ఉందో అచ్చం అలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

ఆ చర్చి పైకప్పు అరవై అయిదేళ్ల కింద ఒక గాలివానకి కూలిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు గానీ, ప్రసంగ పీఠం మాత్రం దూలాల కింద పడి పుల్లలు పుల్లలైపోయింది. తర్వాత కప్పు వేశారు, నేల కొత్తగా పరిచారు, గోడలకి తెల్ల సున్నం కొట్టారు. పీఠం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అప్పట్నుంచి పాస్టర్లందరూ ఒక మామూలు బల్ల వెనక నిలబడే ప్రసంగం చేస్తూ వస్తున్నారు. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద మడత పెట్టిన అట్ట మాత్రం పాస్టరు మారినప్పుడల్లా మారుతుంటుంది.

వడ్రంగి ఆ పనికి ఒప్పుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. చిక్కల్లా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మేనత్తతో వచ్చింది.

మేనత్తకి ఎనభై ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. వడ్రంగికి తల్లి పోయినప్పట్నుంచి పెంచి పెద్ద చేసింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ ఇతని ఇంట్లో ఉంటూ, పొద్దున్నే వర్కుషాపు గుమ్మంలో కుర్చీ వేయించుకుని దారినపోయేవాళ్లందరి యోగక్షేమాలూ విచారిస్తుంటుంది. ఈమధ్య మతిమరుపు ముదిరింది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికిస్తుంది. ఒక్కోసారి వడ్రంగిని వాళ్ల నాన్న అనుకుని, "అన్నయ్యా, పిల్లాడు అన్నం తిన్నాడా?" అని అడుగుతుంది. ఆ పిల్లాడికి ఇప్పుడు యాభై మూడేళ్లు. "తిన్నాడమ్మా," అంటాడు వడ్రంగి.

ప్రెసిడెంటు గారు వెళ్తూ వెళ్తూ మర్యాద కొద్దీ ఆవిడకి కూడా ఫోటో చూపించారు. ఆవిడ దాన్ని దగ్గరగా చూసింది, దూరంగా చూసింది.

"ఇది మన చర్చి కాదే," అంది.

"మనదేనమ్మా. వెనక రాసి ఉంది."

"పీఠం కుడి వైపు కదా ఉండాలి? ఇందులో ఎడమ వైపుంది."

"ఎడమ వైపే ఉండేది పెద్దమ్మా. మీరు మర్చిపోయుంటారు."

"మర్చిపోవడానికి అదేమన్నా కళ్లజోడా?" అని ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నా పెళ్లి ఆ పీఠం ముందరే జరిగింది. బలిపీఠం వైపు తిరిగి నిలబడితే నేను ఎడమ పక్క, ఆయన కుడి పక్క. అప్పటి పాస్టరుకి ముందు పళ్లు రెండూ లేవు. పైనుంచి ప్రసంగం మొదలుపెట్టాడంటే వానే. ఆ తుంపర్లన్నీ మీ మావయ్య కోటు మీద పడ్డాయి గానీ, నా మీద ఒక్క చుక్క పడలేదు. పీఠం ఎడమన ఉంటే తడిసేది నేను కదా?"

ప్రెసిడెంటు గారు వడ్రంగి వైపు చూసి కళ్లతోనే నవ్వారు. ఆ నవ్వుకి వడ్రంగి కూడా నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులపాటు అతన్ని బాధపెట్టింది ఆ నవ్వే.

మర్నాడు చర్చిలో కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు గారు, పాస్టరు గారు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు, వడ్రంగి. నలుగురూ ఫోటో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఒకసారి ఫోటోని, ఒకసారి చర్చిని చూశారు. స్తంభాలు సరిపోయాయి. కిటికీలు అటు ఆరు, ఇటు ఆరు, సరిపోయాయి. సరిపోనిది ఒక్కటే. పాస్టరు గారి గదిలోకి వెళ్లే చిన్న తలుపు ఫోటోలో ఎడమ గోడకుంది. అసలు చర్చిలో కుడి గోడకుంది.

"ఇదేమిటి?" అన్నారు పాస్టరు గారు. ఆయన వచ్చి ఏడాదే అయింది. ఏది అడగాలన్నా క్షమాపణ చెప్పుకుంటున్నట్టు అడుగుతారు.

చరిత్ర మాస్టారు కళ్లు మూసుకుని గడ్డం నిమురుకున్నారు. ఆయన గడ్డం నిమిరారంటే ఒక సిద్ధాంతం పుట్టబోతోందని అందరికీ తెలుసు.

"సింపుల్. కప్పు కూలినప్పుడు ఎడమ వైపు తలుపు మూసేసి, కుడి వైపు కొత్తది పెట్టారు."

"మా అత్త కూడా పీఠం కుడి వైపే ఉండేదంటోందండి," అన్నాడు వడ్రంగి, నేలచూపులు చూస్తూ.

"ఎనభై ఎనిమిదేళ్ల జ్ఞాపకం గొప్పదా, ఫోటో గొప్పదా? జ్ఞాపకం అబద్ధమాడుతుంది. కెమెరా ఆడదు."

ఎడమ గోడలో మూసేసిన తలుపు ఆనవాలు దొరుకుతుందేమోనని తాపీ మేస్త్రీని పిలిచి సున్నం గీకించారు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా రాయి మీద రాయి, ఎక్కడా అతుకన్నది లేదు. మేస్త్రీ సుత్తితో అడుగడుగునా కొట్టి చూసి, "ఇక్కడ తలుపు లేదండీ. ఎప్పుడూ లేదు," అన్నాడు.

చరిత్ర మాస్టారు ఆ గోడని ఆప్యాయంగా తడిమారు. "చూశారా అప్పటివాళ్ల పనితనం! మూసినట్టు ఆనవాలు కూడా మిగల్చలేదు."

పాస్టరు గారు ఏదో అనబోయి, సారీ అన్నట్టు దగ్గి ఊరుకున్నారు.

వడ్రంగి పనిలో పడ్డాడు. స్టూడియోలో ఫోటోని గోడంత పెద్దది చేయించి వర్కుషాపులో తగిలించాడు. భూతద్దం పెట్టి మెట్టు మెట్టుకీ కొలతలు రాసుకున్నాడు. పక్కనున్న బల్ల ఎత్తుని బట్టి పీఠం ఎత్తు లెక్కగట్టాడు. పాత ఇళ్లు పడగొట్టిన చోట్లన్నీ తిరిగి ముదురు టేకు దూలాలు ఏరుకొచ్చాడు. చుట్టూ తిరిగే మెట్లు చెయ్యడం ఆషామాషీ పని కాదు. ఒక్కో చెక్కా ఒక్కో వంపు. మూడు వంపులు తేడా వచ్చి పారేశాడు. చిత్రిక పట్టిన పొట్టు అత్త కుర్చీ కాళ్లని ముంచేసింది. మేకు అన్నది వాడలేదు. అంతా చెక్కలో చెక్క బిగించడమే.

అత్త రోజూ చూస్తూనే ఉంది. "బాగా చేస్తున్నావురా," అనేది. ఓ ఘడియ ఆగి, "కానీ ఇటు నుంచి ఎక్కేది కాదు, అటు నుంచి," అనేది.

"సరేలే అత్తా."

"సరేలే అంటే సరి అవుతుందా?"

"ఆవిడతో వాదన ఎందుకండీ," అని లోపల్నుంచి భార్య కేకేసేది. వడ్రంగి నోరు మూసుకుని ఉలి పట్టుకునేవాడు. నెల తిరిగేసరికి అత్త చెప్పడం మానేసింది. కుర్చీని అటు తిప్పించుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేది. ఆవిడ పోరు తప్పినందుకు వడ్రంగికి హాయిగా అనిపించాలి. ఎందుకో అనిపించలేదు.

ఇదిలా ఉండగా చరిత్ర మాస్టారికి ఫోటోలో ఇంకో నిధి దొరికింది. బలిపీఠం వెనక, కమాను మీద, గోడకి అడ్డంగా ఒక వరస అక్షరాలున్నాయి. మసకమసగ్గా, గుండ్రగుండ్రంగా, ఎవరికీ అర్థం కాని రాత. ఆయన వాటిని వారం రోజులు పరీక్షించి, గడ్డం నిమిరి, "హీబ్రూ," అని తేల్చారు.

"ఏం రాసుందండీ?" అని అడిగారు పాస్టరు గారు.

"కీర్తనల్లోంచి ఒక వాక్యం. ఏదన్నది ఇంకా పరిశీలించాలి. ప్రాచీన హీబ్రూ కదా, కొంత అరిగిపోయింది."

ప్రెసిడెంటు గారికి ఒళ్లు పులకరించింది. చుట్టుపక్కల ఏ చర్చిలోనూ హీబ్రూ లేదు. వెంటనే బోర్డులు రాసే పెయింటర్ని పిలిపించి, ఆ భాగం ఒక్కటీ పెద్దది చేయించిన కాగితం చేతికిచ్చి, అవే అక్షరాలు మూరెడెత్తున బంగారు రంగులో కమాను మీద రాయమన్నారు.

పెయింటరు నిచ్చెన మీద అయిదు రోజులున్నాడు. రెండో రోజు వడ్రంగి కింద మెట్లు బిగిస్తుంటే పైనుంచి పిలిచాడు.

"ఏమన్నా, నీకీ అక్షరాలు ఎక్కడైనా చూసినట్టు లేదూ?"

"హీబ్రూ నేనెక్కడ చూస్తాను?"

"నేనూ చూళ్లేదు. కానీ చిత్రంగా ఉంది. షాపుల అద్దాల మీద లోపలి వైపు నుంచి రాస్తాను చూడు, అలా బ్రష్షు దానంతటదే తిరుగుతోంది." కాసేపు బ్రష్షుతో చెవి వెనక గోక్కుని, "పూర్వజన్మలో హీబ్రూ వాణ్ణేమో," అని మళ్లీ పనిలో పడ్డాడు.

పండగ ఆదివారమనగా బుధవారానికి అంతా పూర్తయింది. ఎడమ వైపు స్తంభానికి చుట్టుకుని పీఠం నిగనిగలాడుతోంది. కమాను మీద బంగారు అక్షరాలు ధగధగలాడుతున్నాయి. ప్రెసిడెంటు గారు పది అడుగులు వెనక్కి నడిచి చూసి, కళ్లు తుడుచుకున్నారు. పెయింటరు పోతూ పోతూ అక్షరాల కాగితాన్ని వడ్రంగి చేతిలో పెట్టి పోయాడు. మంచి దళసరి కాగితం, పారెయ్యడమెందుకని వడ్రంగి దాన్ని ఇంటికి తెచ్చి, ముందు గదిలో పెళ్లి ఫోటో తీసేసి ఆ మేకుకి తగిలించాడు.

గురువారం పొద్దున అతను టీ తాగుతున్నాడు. భార్య ఎదుటి గోడనున్న అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటోంది.

"పెళ్లి ఫోటో తీసి ఆ మేకుకి ఇదేంటండీ తగిలించారు?" అంది నోట్లో పిన్నులతో.

"హీబ్రూ. రెండు రోజులుంచుతాను, చూసుకోవడానికి."

"హీబ్రూ ఏంటి?" అంది ఆవిడ. అద్దంలోకి కొంచెం వంగింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివింది: "నిద్ర... వచ్చువారు... వెనుక బల్లలకు... పోవలెను."

వడ్రంగి టీ గ్లాసు మోకాలి మీద ఒలికింది. "ఏంటే అది?"

"నన్నంటారేం? ఇందులో ఉంది చదివాను. నిద్ర వచ్చువారు వెనుక బల్లలకు పోవలెను."

వడ్రంగి లేచి భార్యని పక్కకి జరిపి అద్దంలోకి చూశాడు. మన అక్షరాలే. పాతకాలపు పొందికైన రాత, సున్నాలకి తోకలు, గుడులకి మెలికలు. అద్దంలో పసిపిల్లలు కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. వెనక్కి తిరిగి గోడ మీది కాగితం చూశాడు. హీబ్రూ. మళ్లీ అద్దంలో చూశాడు. నిద్ర వచ్చువారు.

కాళ్లకి చెప్పులు కూడా లేకుండా వర్కుషాపులోకి పరిగెత్తాడు. గోడంత ఫోటోని చుట్ట చుట్టి తెచ్చి అద్దం ముందు పరిచి పట్టుకున్నాడు. అద్దంలో పీఠం కుడి వైపుంది. చిన్న తలుపు కుడి వైపుంది. ఇప్పుడు చర్చిలో ఎక్కడుందో సరిగ్గా అక్కడ. మెట్లు అటు నుంచి ఎక్కుతున్నాయి.

అలాగే ఫోటో మీద చతికిలబడ్డాడు. నాలుగు నెలలు. మూడు వంపులు తేడా వచ్చాయని పారేశాడు. తక్కినవన్నీ తేడావేనని ఎవరికి తెలుసు? గుమ్మంలోంచి అత్త మాట వినబడుతోంది. దారినపోయే ఎవరినో పిలిచి వాళ్ల కోడలి నడుం నొప్పి గురించి అడుగుతోంది.

స్టూడియో అతను ఆ ఫోటో అట్టని అటూ ఇటూ తిప్పి చూసి చాలా మామూలుగా చెప్పాడు. ఆ రోజుల్లో ఫోటో అంటే గాజు పలక మీద తీసేవాళ్లట. పలకని ఈ వైపు పెట్టాల్సింది ఆ వైపు పెట్టి అచ్చు తీస్తే కుడీ ఎడమా తారుమారవుతాయట. "తీసినవాడు కాస్త పరధ్యానం మనిషి అయ్యుంటాడు," అన్నాడు.

మధ్యాహ్నానికి కమిటీ నలుగురూ పాస్టరు గారి గదిలో తలుపేసుకుని కూర్చున్నారు. బల్ల మీద ఫోటో, దాని పక్కన వడ్రంగి భార్య చేతి అద్దం. పాస్టరు గారు అద్దంలో చదివారు. చదివి, కిటికీ వైపు తిరిగారు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాడు వడ్రంగి. కాదు, నవ్వాపుకుంటున్నారు.

చరిత్ర మాస్టారు చదివారు. గడ్డం దగ్గరికి వెళ్లిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది ప్రక్షిప్తం," అన్నారు చివరికి. "తర్వాతెవరో చేర్చారు."

"గోడ మీద మనమే కదండీ చేర్చింది," అన్నాడు వడ్రంగి.

ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. "ఇందులో చూడ్డానికేమీ లేదు. పీఠం బ్రహ్మాండంగా ఉంది. అక్షరాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఈ ఊళ్లో అద్దం పట్టుకుని చర్చికొచ్చేవాడు ఎవడూ లేడు. ఆదివారం దాటనివ్వండి, తర్వాత ఆలోచిద్దాం. అప్పటిదాకా ఈ నలుగురూ నోరు విప్పకూడదు." వడ్రంగి వైపు ప్రత్యేకంగా వేలు చూపించారు. "ముఖ్యంగా ఇంట్లో."

వడ్రంగి తలూపాడు. ఇంటికి వెళ్తుంటే గుమ్మంలో అత్త అడిగింది, "ఏరా, మొహం అలా వేలాడేశావేం?" అని.

"ఏం లేదత్తా. పని ఒత్తిడి."

ఆ రెండు రోజులూ అతనికి అన్నం సహించలేదు. భార్యకి ఎలాగూ తెలుసు, ఆవిడ ఊరుకోలేదు. "పెంచిన మనిషిని పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టారు. ప్రెసిడెంటు గారేమనుకుంటారోనని ఆవిడకి ఒక్క మాట చెప్పలేరా?" అంది. తలుపులకి గడియలు బిగించడం తెలుసు గానీ, ఇలాంటివాటికి ఏం బిగించాలో వడ్రంగికి తెలీదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల వాసన, మైనం వాసన, కొత్త వార్నీషు వాసన కలిసిపోయాయి. అత్తని మొదటి వరసలో కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు వడ్రంగి. ఆవిడ ఎడమ వైపు పీఠాన్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా, ఒళ్లో చేతి రుమాలుని మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

బిషప్పు గారు వచ్చారు. పొడుగ్గా, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మైకు పట్టుకుని అందరినీ దీవించి, పీఠాన్ని తనివితీరా చూసి, దాన్ని చేసిన చేతులు ధన్యమైనవన్నారు. వడ్రంగి బల్ల కిందికి దూరిపోవాలనుకున్నాడు. తర్వాత బిషప్పు గారి చూపు కమాను మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఆ వాక్యం ఏమిటి ప్రెసిడెంటు గారూ?"

"హీబ్రూ అండీ," అన్నారు ప్రెసిడెంటు గారు, గొంతు కాస్త తడబడగా. "ప్రాచీన హీబ్రూ. కీర్తనల్లోది."

"అలాగా?" బిషప్పు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నేను పదకొండేళ్లు హీబ్రూ పాఠం చెప్పాను. నాకు ఒక్క అక్షరం కూడా అందడం లేదే."

ప్రెసిడెంటు గారు చరిత్ర మాస్టారి వైపు చూశారు. చరిత్ర మాస్టారు పాటల పుస్తకంలోకి చూశారు. పుస్తకం తలకిందులుగా ఉంది. పాస్టరు గారు మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

ఎలా లేచాడో వడ్రంగికే తెలీదు. లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అది హీబ్రూ కాదండి. మన రాతే. తిరగబడింది. ఫోటోయే తిరగబడింది. పీఠం కుడి వైపు ఉండేదండి." అక్కడితో ఆగాల్సింది, గానీ నాలుగు నెలలుగా లోపల అణిగున్నదంతా పొంగుకొచ్చింది. "మా అత్త మొదటి రోజే చెప్పింది. ఆవిడ పెళ్లిలో తుంపర్లు మావయ్య కోటు మీద పడ్డాయని కూడా చెప్పింది. మేమెవరమూ వినలేదు. నేను కూడా వినలేదండి. పైగా నవ్వాను."

చటుక్కున కూర్చుండిపోయాడు. అత్త అతని వైపు తిరిగి, "తుంపర్ల సంగతి బిషప్పు గారితో చెబుతావా, బుద్ధి లేదూ?" అని గట్టిగా గసిరింది.

"తిరగబడిందంటే ఎలా చదవాలి?" అన్నారు బిషప్పు గారు.

"అద్దంలోనండి!" అని వెనకనుంచి వడ్రంగి భార్య గొంతు వినబడింది. ఆవిడ అప్పటికే బ్యాగులోంచి అద్దం తీసి, బలిపీఠానికి వీపు పెట్టి నిలబడి భుజం మీదుగా చూస్తోంది. పక్కావిడ కూడా బ్యాగు తెరిచింది. ఆ పక్కావిడా తెరిచింది. ప్రెసిడెంటు గారు ఊళ్లో అద్దం పట్టుకుని చర్చికొచ్చేవాడు లేడన్నారు గానీ, వచ్చే ఆడవాళ్ల సంగతి ఆయనకి తెలీదు. రెండు నిమిషాల్లో చర్చి మొత్తం బలిపీఠానికి వీపు పెట్టి నిలబడింది. చిన్న అద్దాలు, గుండ్రటి అద్దాలు, పౌడరు డబ్బీల అద్దాలు గాల్లోకి లేచాయి. వెలుతురు ముక్కలు గోడల మీద, స్తంభాల మీద, ప్రెసిడెంటు గారి బట్టతల మీద గంతులేశాయి. నూట యాభై మంది గొంతులు ముందూ వెనకా అవుతూ పైకి చదివాయి:

"నిద్ర వచ్చువారు... వెనుక బల్లలకు... పోవలెను!"

అందరూ ఇప్పుడు వెనక బల్లల వైపే తిరిగి ఉన్నారు కాబట్టి, అక్కడ కూర్చున్న పదిహేను మంది పెద్దమనుషులకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వాళ్లలో ఒకాయన అప్పుడే మెలకువొచ్చి, ఊరంతా తన వైపు చూస్తోందేమిటని కంగారుపడి లేచి నిలబడి చేతులు జోడించాడు.

మొట్టమొదట నవ్వింది బిషప్పు గారు. ఆ సన్నటి మనిషిలోంచి అంత నవ్వొస్తుందని ఎవరూ అనుకోలేదు. తర్వాత చర్చి గొల్లుమంది. చివరికి ప్రెసిడెంటు గారు కూడా, ఏడుపు మొహంతోనే, నవ్వారు. బిషప్పు గారు కిందికి దిగి మొదటి వరస దాకా వచ్చి, అత్త ముందు వంగి, "అమ్మా, ఇంకా ఏమన్నా తప్పులున్నాయా?" అని అడిగారు.

అత్త చర్చిని ఒకసారి తీరిగ్గా కలయజూసింది. "దీపాలు ఇంత కిందికి ఉండేవి కావు," అంది. "ఈయన పళ్లు మాత్రం బాగున్నాయి."

పీఠాన్ని కుడి వైపుకి మార్చడానికి రెండు నెలలు పట్టింది. మేకులు కొట్టకపోవడం కలిసొచ్చింది. పీఠం, కప్పు విప్పి తేలిగ్గానే తీశాడు. కానీ చుట్టు మెట్లు తిరగేస్తే తిరగబడేవి కావు కదా, వాటిని మొదట్నుంచీ మళ్లీ చేశాడు. ఈసారి అద్దంలో చూస్తూ కొలతలు తీసుకున్నాడు. కుర్చీ వర్కుషాపు వైపు తిరిగింది. అత్త ప్రతి మెట్టుకీ ఏదో ఒక వంక పెట్టింది. వడ్రంగి ప్రతి వంకకీ ఉలి ఆపి విన్నాడు. వాటిలో సగం అతని చిన్నప్పటి సంగతులు, కొన్ని అసలు జరగనివి. అన్నీ విన్నాడు.

బంగారు అక్షరాల విషయంలో కమిటీలో చాలా వాదన జరిగింది. చెరిపెయ్యాలని వెనక బల్లలవాళ్లు, ఉంచాలని ముందు బల్లలవాళ్లు. ఆఖరికి పెయింటరు నిచ్చెనెక్కి, ఈసారి సరైన వైపు నుంచి, అదే వాక్యం రాశాడు. రెండే రోజుల్లో అయిపోయింది గానీ, చేతికి అలవాటు తప్పిందని తెగ సణిగాడు.

పీఠం బిగించిన సాయంత్రం వడ్రంగి, భార్య కలిసి అత్తని తీసుకొచ్చారు. చర్చి ఖాళీగా ఉంది. ఆవిడ పీఠం కిందికొచ్చి, మెట్ల కమ్మీని తడిమి, పైకి చూసింది.

"ఎక్కిస్తావా?" అంది.

"నువ్వా? ఈ వయసులోనా?"

"ఆ కాలంలో ఆడవాళ్లని మొదటి మెట్టు మీద కూడా కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఎక్కించు."

వెనకనుంచి భార్య, ముందునుంచి వడ్రంగి. ఒక్కో మెట్టు మీదా ఆగి, ఆయాసం తీర్చుకుని, మెట్టు ఎలా ఉందో చెప్పి మరీ ఎక్కింది. పైకెళ్లాక రెండు చేతులూ పీఠం అంచు మీద వేసి నిలబడింది. కింద నుంచి ఆవిడ తల, భుజాలు మాత్రమే కనబడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు గారు తాళాలగుత్తి ఊపుకుంటూ తలుపులు వెయ్యడానికి లోపలికొచ్చారు. తలెత్తి చూసి నోరు తెరిచారు.

"కూర్చో నాయనా," అంది అత్త పైనుంచి.

"తాళం వెయ్యాలి పెద్దమ్మా..."

"కూర్చోమన్నాను."

ప్రెసిడెంటు గారు కూర్చున్నారు. వడ్రంగి, భార్య కిందికి దిగొచ్చి ఆయన పక్కనే కూర్చున్నారు. అత్త గొంతు సవరించుకుని తన పెళ్లి సంగతి మొదలుపెట్టింది. పెళ్లిచూపుల నుంచి. అది ముప్పావు గంట సాగింది. మధ్యలో మావయ్య పేరు రెండుసార్లు మర్చిపోయింది, వడ్రంగి అందించాడు. పెళ్లికొచ్చినవాళ్లలో ఎవరెవరు ఏ రంగు బట్టలు కట్టుకున్నారో మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. ప్రెసిడెంటు గారు మొదట వాచీ చూసుకున్నారు. తర్వాత చూసుకోవడం మానేసి, ఒళ్లో తాళాలగుత్తి పక్కన పెట్టి, "మరి మీ అత్తగారు ఊరుకున్నారా?" అని అడిగారు.